ముందు స్ప్రాకెట్ నట్టు మొండికేస్తే ఏం చేయాలి?

బండి శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చైన్ సెట్ (చైనూ, అది తిరిగే ముందు వెనక పళ్ళ చక్రాలూ, అంటే స్ప్రాకెట్లూ) గురించినవే ఎక్కువ. వానాకాలం అయిపోయాక ఏటా ఇదే వరస, బురదలో నాలుగు నెలలు తిరిగిన చైన్లు ఒకేసారి చప్పుడు మొదలుపెడతాయి. అందులో మొదటి ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో బండ్లు పాడైపోవడం చాలా చూశాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన పల్లె. నాది పాత బండి, మా నాన్న వాడి నాకిచ్చాడు. చైను జారుతోందని కొత్త చైన్ సెట్ తెచ్చి ఇంటి దగ్గరే మార్చుకుందామనుకున్నాను. ముందు చిన్న స్ప్రాకెట్ నట్టు మాత్రం రావట్లేదు. మొదట వెనక చక్రం స్పోకుల్లో రాడ్డు దూర్చి, పానాకు పైపు తొడిగి మా బావా నేనూ గుంజితే రెండు స్పోకులు వంగాయి. తర్వాత పాత చైను కోసి తీసేసి, గేర్లో పెట్టి గుంజాం. ఇంజిన్ తిరుగుతోంది గానీ నట్టు వెంట్రుకవాసి కదల్లేదు. గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాలిస్తే వస్తుందని ఇక్కడ అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, గ్యాస్ కట్టర్ మాట ఎత్తకు. ఆ స్ప్రాకెట్ వెనకాలే గేర్‌బాక్స్ ఆయిల్ సీల్ ఉంటుంది, దాని రబ్బరు మామూలుగా 100 నుంచి 120 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. దాని వెనక బేరింగు, దాని చుట్టూ అల్యూమినియం కేసు. నట్టు ఎర్రబడేలోపు సీలు మాడిపోతుంది, రేపు కొత్త స్ప్రాకెట్ మీద ఆయిలు కారడం మొదలవుతుంది. పైగా ఆ నట్టుకు జానెడు పైన కార్బురేటర్, దాని పైన పెట్రోలు ట్యాంకు. అక్కడ మంట పెట్టే పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకు.

గేర్లో పెట్టి పైపుతో గుంజడం కూడా ఆపేయి. గేర్లో ఉంటే నువ్వు పెట్టే బలమంతా గేర్ల పళ్ళ మీదుగా, క్లచ్ మీదుగా ఇంజిన్‌కు పోతుంది. మీటరు పొడుగు పైపు చివర 10 కిలోల బలం పెడితేనే నట్టు దగ్గర దాదాపు 98 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత) అవుతుంది. అదే పైపు చివర 60 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 590 దాకా పోతుంది. ఇద్దరు మగవాళ్ళు పైపు పట్టుకుని గుంజినా నట్టు రాలేదంటే బలం చాలక కాదు, దాన్ని ఇంకేదో పట్టుకుని ఉంది. అదేంటో చూడకుండా ఇంకో అడుగు పైపు కలిపితే విరిగేది నట్టు కాదు.

అందుకే మొదట శుభ్రం చెయ్యి. స్ప్రాకెట్ కవర్ తీశాక నీకు కనిపించేది నట్టు కాదు, నల్లటి ముద్ద. చైను ఆయిలూ గ్రీజూ దుమ్మూ కలిసి గట్టిపడి ఉంటుంది. మీ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి నాట్ల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డంతా బురద పోసుకుంటూ పోతాయి కదా, ఆ బురద కూడా అందులోనే ఉంటుంది. పాత స్క్రూడ్రైవర్‌తో ముద్దను గోకి తీసెయ్యి, తర్వాత డీజిల్‌లో ముంచిన పళ్ళ బ్రష్షుతో నట్టు చుట్టూ, ముఖ్యంగా నట్టుకూ స్ప్రాకెట్‌కూ మధ్య సందులో రుద్దు. గుడ్డతో తుడిచి టార్చిలైట్ వేసి చూడు. నట్టు కింద పల్చటి రేకు వాషర్ కనిపించి, దాని ఒక చెవి పైకి మడిచి నట్టు పలకకు అతుక్కుని ఉంటే, అదే నిన్ను ఇంతసేపు ఆపింది. దాన్ని లాక్ వాషర్ అంటారు. నట్టు తనంతట తాను వదులు కాకుండా పెట్టే ఏర్పాటు అది. చెవి విప్పకుండా పైపుతో గుంజితే చెవి నలిగి నట్టు పలక కింద ఇరుక్కుంటుంది, ఇంకా మొండికేస్తుంది.

ఆ చెవిని చిన్న ఉలితో విప్పాలి. ఉలి కొసను చెవికీ నట్టు పలకకూ మధ్య పెట్టి చిన్న సుత్తితో తట్టు, చెవి కాస్త ఎడం కాగానే ఉలిని లోపలికి జరిపి మళ్ళీ తట్టు, తర్వాత పైనుంచి కొట్టి స్ప్రాకెట్ మీద చదునుగా పడుకోబెట్టు. చెవులు రెండు ఉండొచ్చు, చుట్టూ చూడు. కొన్ని బండ్లలో వాషర్‌కు బదులు నట్టు అంచునే షాఫ్ట్ (స్ప్రాకెట్ కూర్చునే ఇరుసు) మీదున్న గాడిలోకి ఉలితో నొక్కి ఉంచుతారు, అలాంటి చోట ఆ నొక్కును పైకి లేపాలి. షాఫ్ట్ మరల మీద మాత్రం ఉలి పడకూడదు.

తర్వాత చూడాల్సింది మర ఏ వైపుదన్నది. నువ్వు బండి పేరు రాయలేదు. స్ప్లెండర్ లాంటి చిన్న బండ్లకైతే అసలు పెద్ద నట్టే ఉండదు, రెండు చిన్న బోల్టులతో ఒక ప్లేటు ఉంటుంది, బోల్టులు తీసి ప్లేటును కాస్త పక్కకు తిప్పితే గాడులు కలిసి బయటికి జారి వస్తుంది. పెద్ద నట్టు ఉందంటున్నావు కాబట్టి నీది ఆ రకం కాదు. పెద్ద నట్టు ఉన్న బండ్లలో ఎక్కువ వాటికి మామూలు మరే, కానీ ఎడమ మర ఉన్న బండ్లూ ఉన్నాయి, వాటిని మామూలుగా విప్పబోతే బిగించినట్టే. నట్టు దాటి బయటికి వచ్చిన షాఫ్ట్ కొస మీద మరలు కనిపిస్తాయి, దాన్ని నిట్టనిలువుగా ఉన్నట్టు ఊహించుకుని చూడు. గీతలు ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతుంటే మామూలు మర, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. కుడి నుంచి ఎడమకు ఎక్కుతుంటే ఎడమ మర. నీ బండి మాన్యువల్ దొరికితే అందులో కూడా ఉంటుంది, ఫోన్లో వెతుక్కో.

ఇప్పుడు అసలు పని, స్ప్రాకెట్ కదలకుండా పట్టుకోవడం. ఈ పనిలో బలం కంటే పట్టు ముఖ్యం. చైను కోయకుండా ఉండాల్సింది, ఎందుకంటే దీనికి అన్నిటికంటే మంచి పట్టు ఆ చైనే. మిగతా చదివేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ముందు నట్టు సడలే దాకా పాత చైను ఊడదీయొద్దు. చైను ఉంటే పద్ధతి ఇది: బండిని డబుల్ స్టాండ్ మీంచి దించి, ముందు చక్రాన్ని గోడకు ఆనించి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక మనిషి సీటు మీద కూర్చుని వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. చైను ఎడమ పక్కన ఉన్న బండికి మామూలు మర నట్టును విప్పేటప్పుడు బండి ముందుకు పోవాలని చూస్తుంది, అందుకే గోడ. న్యూట్రల్ ఎందుకంటే బలమంతా చైను మీదుగా వెనక చక్రానికే పోవాలి, గేర్ల జోలికి రాకూడదు. పానా వేసే ముందు చైను పైభాగం బిగుతుగా వచ్చేదాకా స్ప్రాకెట్‌ను ముందుకు తిప్పి ఉంచు, లేకపోతే ఆ వదులంతా ఒక్క కుదుపుగా వచ్చి పానా జారుతుంది.

నువ్వు కోసేశావు కాబట్టి రెండు దారులు. కోసిన చైనును కొత్త లింకు వేసి తాత్కాలికంగా మళ్ళీ ఎక్కించొచ్చు. లేదా ఆ చైనులోంచే ఒక ముక్క తీసుకుని వెల్డింగ్ షాపులో రెండడుగుల ఇనుప పట్టీకి రెండు కొసలూ బిగించి, ముందు స్ప్రాకెట్ చుట్టూ ఉచ్చులా సరిపోయేలా చేయించు. చైను సైజు స్ప్రాకెట్‌కు సరిపోవాలి, 428 చైనుకు పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు, 520కి 15.875, ఒకటి ఇంకోదాని పళ్ళలో కూర్చోదు. నీ పాత చైనే కాబట్టి నీకు ఆ ఇబ్బంది లేదు. పట్టీని బండి ముందువైపుకు చూసేలా పెట్టి కొసను నేల మీద చెక్క దిమ్మకు ఆనించు, ఇంజిన్ కేసుకు ఎక్కడా తగలకూడదు. ఎడమ పక్క స్ప్రాకెట్, మామూలు మర అయితే ఆ కొస కిందికే నొక్కుకుంటుంది, దిమ్మ ఆపుతుంది.

సాకెట్ ఆరు పలకలది తెచ్చుకో. పన్నెండు మూలలది మూలల దగ్గరే పట్టుకుంటుంది, ఇలాంటి నట్టుకు మూలలు గుండ్రం చేసేస్తుంది. రింగు పానా వంకరగా కూర్చుంటుంది కాబట్టి అది కూడా వద్దు. ముందురోజు సాయంత్రం నట్టుకూ షాఫ్ట్‌కూ మధ్య మరల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున ఇంకోసారి కొట్టు, బ్రేకు డ్రమ్ము మీదా టైరు మీదా పడకుండా గుడ్డ కప్పు. నట్టు పలకల మీద ఇత్తడి ముక్క పెట్టి సుత్తితో చుట్టూ నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు పట్టు సడలుతుంది. షాఫ్ట్ కొస మీద మాత్రం కొట్టొద్దు, ఆ దెబ్బ లోపలి బేరింగుకు పోతుంది. తర్వాత విప్పే ముందు ఒకసారి కొంచెం బిగించే వైపు నొక్కు. వింతగా అనిపించొచ్చు గానీ తుప్పు పొర పగలడానికి అది చాలా పనికొస్తుంది. ఆ తర్వాత పొడుగు రాడ్డు వేసి, ఊగిస్తూ కాకుండా నెమ్మదిగా బరువు పెంచుతూ లాగు. చాలా నట్లు ఇక్కడే టక్కుమని వదిలేస్తాయి.

ఇంకా రాకపోతే పైపు పొడుగు పెంచకు, గాలి ఒత్తిడితో నట్లు విప్పే ఎయిర్ గన్ ఉన్న చోటికి తీసుకుపో. మిర్యాలగూడలో మిల్లుల చుట్టూ లారీలే లారీలు, అలాగే నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా హైవే పక్కన లారీ టైర్ల షాపులున్నాయి, ఎయిర్ గన్ ఉన్న షాపు వెతుక్కోవడం కష్టం కాదు. ట్రాక్టర్ షెడ్లలో అయితే 30, 32, 36 సైజు సాకెట్లు కూడా ఉంటాయి, బైకు షాపుల్లో అవి దొరకడం తక్కువ. ఎయిర్ గన్ గుంజదు, వేగంగా దెబ్బలు కొడుతుంది, అందుకే స్ప్రాకెట్‌ను పట్టుకోవడం కూడా పెద్ద పని కాదు. గన్‌కు వాడే నల్ల సాకెట్టే వేయమను, మెరిసే మామూలు సాకెట్ పగిలి ముక్కలు ఎగరొచ్చు. మర ఏ వైపుదో నువ్వే ముందు చెప్పు. లారీ గన్ చాలా బలమైనది, తప్పు వైపు కొడితే మరలు పోతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం వేడి అవసరం. ఇంతకుముందు ఎవరో మరలకు గట్టి రకం లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పూసే జిగురు) పూసి బిగించి ఉంటే అది మెత్తబడటానికి 250 డిగ్రీల దాకా వేడి కావాలి. అప్పుడు కూడా మంట కాదు, హీట్ గన్. సన్నటి మూతి తగిలించి నట్టు మీదే పెట్టి, పెట్రోలు కాక్ ఆపి, వీలైతే ట్యాంకు దించి చేయాలి. సీలు బతుకుతుందని ఆశ పెట్టుకోకుండా కొత్త సీలు ముందే తెచ్చిపెట్టుకోవాలి.

వంగిన స్పోకులు వదిలేయకు, మార్పించి రిమ్ము అలైన్‌మెంట్ చూపించుకో. వంగిన స్పోకు పని చేయదు, దాని బరువు పక్కవాటి మీద పడి అవి కూడా తెగుతాయి.

ప్రశ్న: మాది జడ్చర్ల. ముందు స్ప్రాకెట్ నట్టు విప్పబోయి షెడ్డులో మూలలన్నీ గుండ్రం చేసేశారు. ఇప్పుడు ఇంజిన్ దించి, మొత్తం విప్పి షాఫ్ట్ మార్చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. స్ప్రాకెట్ ఇంజిన్ బయట ఉంటుంది, నట్టు కూడా బయటే. నట్టు పాడైతే నట్టు తీసేయాలి, దానికి ఇంజిన్ విప్పక్కర్లేదు. షాఫ్ట్ మరలు పూర్తిగా పోతేనే ఆ మాట వస్తుంది, అది నట్టు తీశాక గానీ తెలియదు.

గుండ్రమైన నట్టుకు ఒక సైజు చిన్న ఆరు పలకల సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించడం మొదటి ప్రయత్నం. అది కూడా జారితే నట్టును కోయడమే మంచిది. చిన్న గ్రైండర్‌తో నట్టు పలక మీద నిలువుగా, షాఫ్ట్ మరలకు ఇంకా కాస్త దూరం ఉండగానే ఆపి, ఎదురు పలక మీద కూడా అలాగే కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నట్టు విచ్చుకుంటుంది. కోసేటప్పుడు సీలు మీదా కార్బురేటర్ మీదా తడిగుడ్డ కప్పాలి, కళ్ళద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. మరలు కొంచెం నలిగితే లేత్ షాపులో డై (మరలను మళ్ళీ సరిచేసే పనిముట్టు) వేయించండి, బాగవుతాయి.

కొందరు పాడైన నట్టు మీద ఇంకో పెద్ద నట్టు వెల్డింగ్ చేసి తిప్పుతారు. పని చేస్తుంది, ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. కానీ ముందు బ్యాటరీ వైర్లు ఊడదీయాలి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును స్ప్రాకెట్‌కే పెట్టాలి. క్లిప్పు ఎక్కడో ఫ్రేముకు తగిలిస్తే కరెంటు బేరింగు గుండా పోయి బాల్స్ మీద మచ్చలు పడతాయి, ఆ బేరింగు ఎక్కువ కాలం నిలవదు. ఇది చేసేవాళ్ళకు చాలామందికి తెలియదు, మీరు పక్కనే నిలబడి చెప్పండి.

ప్రశ్న: మా తమ్ముడు బండిని డబుల్ స్టాండ్ వేసి, స్టార్ట్ చేసి గేర్లో పెట్టి, తిరిగే చైనుకు గుడ్డ పట్టి తుడుస్తాడు. ఏమన్నా అంటే తొందరగా అవుతుందంటాడు. ఇది సరైన పద్ధతేనా? (ఓ పాఠకురాలు, వనపర్తి)

జవాబు: అమ్మా, ఈ పేజీ మీ తమ్ముడికి ఈరోజే చూపించండి. గుడ్డ చివర చైనులో చిక్కుకుంటే చేయి తీసే సమయం ఉండదు, గుడ్డతోపాటు వేళ్ళు చైనుకూ స్ప్రాకెట్‌కూ మధ్యకు పోతాయి. ఇంజిన్ ఐడిల్‌లో నెమ్మదిగా తిరుగుతున్నట్టు కనిపించినా వేలు తెగడానికి ఆ వేగం చాలు. ఇలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారు. తాళం తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుకుంటూ తుడవమనండి, అప్పుడు చైను కింద భాగం దగ్గర బ్రష్షు పెడితే చాలు. కాస్త ఆలస్యమైతే ఏమీ కాదు.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నాను. చైన్ సెట్ మార్పించి నెల కాలేదు, ముందు స్ప్రాకెట్ నట్టు మళ్ళీ మళ్ళీ వదులవుతోంది. స్ప్రాకెట్‌ను షాఫ్ట్‌కే వెల్డింగ్ చేస్తే శాశ్వతంగా ఉంటుందని మెకానిక్ చెబుతున్నాడు.

జవాబు: వెల్డింగ్ చేయించొద్దండీ. సీలూ బేరింగూ ఆ వేడికే పోతాయి, తర్వాత ఆ సీలు మార్చాలన్నా స్ప్రాకెట్‌ను కోయాల్సిందే.

వదులు కావడానికి కారణం వాషర్ దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది. పాత లాక్ వాషర్‌నే మళ్ళీ వేసి ఉంటారు, ఒకసారి మడిచి విప్పిన చెవి రెండోసారి మడిస్తే విరుగుతుంది. అది చాలా చవకైన వస్తువు, ప్రతిసారీ కొత్తదే వేయాలి. మీ బండికి గిన్నెలా వంపున్న వాషర్ అయితే వంపు ఏ వైపు ఉండాలో కొన్నిటి మీద రాసి ఉంటుంది, తిరగేస్తే పట్టు ఉండదు. మరల మీద ఆయిలూ పాత లాక్‌టైట్ ముక్కలూ లేకుండా తుడిచి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (ఎంత బలంతో బిగించాలన్న లెక్కకు), ఆ లెక్క చూసి బిగించే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఇది బండిని బట్టి మారుతుంది కాబట్టి పక్కవాళ్ళ బండి లెక్క అడిగి చేయొద్దు. బిగించేటప్పుడు కూడా పైన రాసిన పద్ధతే, చైను ఎక్కించి వెనక బ్రేకు తొక్కి పట్టాలి, ఈసారి బండి వెనక్కి పోవాలని చూస్తుంది కాబట్టి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వదులవుతుంటే స్ప్రాకెట్ తీసి షాఫ్ట్ గాడులు చూడండి. గాడుల దగ్గర తుప్పు రంగులో సన్నటి పొడి ఉంటే స్ప్రాకెట్ అక్కడ ఊగి ఊగి రాసుకుపోతోందన్నమాట. కొత్త స్ప్రాకెట్‌ను షాఫ్ట్ మీద పెట్టి చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. గాడుల మధ్య స్పష్టంగా ఆట (వదులుగా కదలడం) తెలిస్తే, ముందు కంపెనీ స్ప్రాకెట్ వేసి మళ్ళీ చూడాలి, బయట దొరికే కొన్నిటికి గాడులు వదులుగా కోసి ఉంటాయి. దానితోనూ అంతే ఆట ఉంటే షాఫ్ట్ అరిగినట్టే, అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ విప్పాలి. ఒకటి మాత్రం కంగారు పడొద్దు: రెండు బోల్టుల ప్లేటు ఉన్న బండ్లలో స్ప్రాకెట్ లోపలికీ బయటికీ కొద్దిగా కదలడం మామూలే, అది వదులు కాదు.